పెద్దమ్మ నేర్పిన పాఠం: మా కాలేజీ చెత్త ప్రాజెక్టు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో డిగ్రీ విద్యార్థుల బృందం చేసిన ప్రసంగ పాఠం)



మేము తొమ్మిది మందిమి. ఐదుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు. ఎక్కువ మందిమి కోయలం, ఇద్దరు నాయకపోడు. గోదావరి పక్క ఏజెన్సీలో ఒక డిగ్రీ కాలేజీలో చదువుతున్నాం. కాలేజీ ఆవరణలోనే అబ్బాయిల హాస్టల్, అమ్మాయిల హాస్టల్, మెస్, ఒక చిన్న క్యాంటీన్ ఉన్నాయి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు వర్కు కింద మా ఆవరణలో పోగయ్యే చెత్తను ఎట్లా వేరుచేయాలి, ఎంత వరకు మళ్లీ వాడకానికి పంపవచ్చు అనే అంశం తీసుకున్నాం.

సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి, మీరు చేసిన మంచి పని గురించి పిల్లలకు చెప్పండి అన్నారు. చెబుతాం. అయితే ఆ పనిలో మేం చేసిన ఒక తప్పు కూడా ఉంది. మంచిని చెప్పి తప్పును దాచుకుంటే మీకు పనికొచ్చేది సగమే దక్కుతుంది. అందుకే రెండూ చెబుతాం.

ముందు మా ఆవరణ ఎట్లా ఉండేదో వినండి. హాస్టల్ వెనక ప్రహరీ గోడ పక్కన ఒక గుంత. మెస్‌లో మిగిలిన అన్నం, చిప్స్ ప్యాకెట్లు, రాసి పారేసిన నోటు పుస్తకాలు, షాంపూ సాషేలు, పగిలిన ట్యూబులైట్లు అన్నీ అందులోకే. సాయంత్రం కాగానే ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసేవారు. ఆ పొగ గోడ దాటి పక్క గూడెం మీద పరుచుకునేది. వానాకాలంలో గుంత నిండి, కాలకుండా మిగిలిన ప్యాకెట్లు వాగులోకి కొట్టుకుపోయేవి. ఆ వాగులోనే గూడెం పశువులు నీళ్లు తాగుతాయి. కాలేజీ గేటు దగ్గర గోడ మీదేమో పెద్ద అక్షరాలతో 'అడవి తల్లిని కాపాడుదాం' అని రాసి ఉంటుంది. ఆ గోడ ముందు మేం ఎన్నిసార్లు ఫొటోలు దిగామో లెక్కలేదు. గోడ వెనక ఏముందో మాత్రం ఎన్నడూ చూడలేదు.

ప్రాజెక్టు మొదలుపెట్టిన కొత్తలో అందరూ చేసే పనే మేమూ చేశాం. పాత నూనె డ్రమ్ములు తెచ్చి ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులు వేశాం. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. ర్యాలీ తీశాం. ప్లాస్టిక్ వాడొద్దని ఒక పెద్ద ఫ్లెక్సీ కొట్టించి కట్టాం. ఫ్లెక్సీయే ప్లాస్టిక్ అని, దాన్ని ఏ తుక్కు దుకాణంలోనూ కొనరని మాకు తర్వాత తెలిసింది. మీరు నవ్వుతున్నారు గానీ, ఒకసారి ఈ వేదిక వెనక ఏం కట్టి ఉందో కూడా చూడండి.

పదిహేను రోజులు గడిచాయి. మూడు డ్రమ్ముల్లోనూ అన్నీ ఉన్నాయి. నీలం డ్రమ్ములో సాంబారు, ఆకుపచ్చ డ్రమ్ములో సీసాలు. కొందరు శ్రద్ధగా వేరుచేసి వేసినా, సాయంత్రానికి మూడింటినీ తీసుకెళ్లి ఒకే గుంతలో కుమ్మరించేవారు. అది చూసిన పిల్లలు, చివరికి అన్నీ కలిసేదే గదా, మేమెందుకు వేరుచేయాలి అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు మాకు పాఠం చెప్పే సారు ఒక మాటన్నారు. "డబ్బాలు తర్వాత పెట్టొచ్చు. ముందు మీ చెత్తలో ఏముందో చూడండి."

మెస్ నుంచి కాటా అడిగి తెచ్చుకున్నాం. చేతులకు గ్లౌజులు, ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఏడు రోజుల పాటు రోజూ సాయంత్రం చెత్తంతా తార్పాలిన్ మీద పోసి, రకాలుగా విడదీసి తూచాం. మొదటి రోజు ఇద్దరికి వాంతులయ్యాయి. మూడో రోజుకు అలవాటైంది. తూకంలో సగానికి పైగా తడి చెత్తే తేలింది. అందులో ఎక్కువ భాగం కంచాల్లో వదిలేసిన అన్నం. వంకాయ కూర వండిన రోజు తూకం మరీ పెరిగేది. చూడటానికి మాత్రం కుప్పంతా ప్లాస్టిక్‌లాగే కనిపించేది, ఎందుకంటే ప్యాకెట్లు తేలికైనా చోటు ఎక్కువ ఆక్రమిస్తాయి. కంటికి కనిపించేది వేరు, కాటా చెప్పేది వేరు అని మాకప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఇట్లాంటి సభల్లో దీన్ని ఎవరూ మాట్లాడరు. తార్పాలిన్ మీద వాడిన శానిటరీ ప్యాడ్లు పడ్డప్పుడు మాలో అబ్బాయిలు వెనక్కి జరిగారు, అమ్మాయిలు తలలు దించుకున్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. లెక్కలో ఇది రాయకుండా వదిలేద్దాం అని ఒకరన్నారు. మాలో ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. "మనం రాయకపోతే ఇవి లేకుండా పోతాయా? రేపు పెద్దమ్మ వట్టి చేత్తో తీస్తుంది" అన్నది. ఆ రోజే రాశాం. వాడిన వాటిని భద్రంగా చుట్టి పారేయాలని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా చెప్పాయి. అమ్మాయిల హాస్టల్‌లో మూత ఉన్న డబ్బాలు, చుట్టడానికి పాత పేపర్లు పెట్టించాం. మా పనిలో అన్నిటికంటే తొందరగా ఫలితం ఇచ్చింది ఇదే. కావలసిందల్లా సిగ్గుపడకుండా ఒకసారి మాట్లాడటమే.

పెద్దమ్మ అన్నాం గదా, ఆమె ఎవరో చెప్పాలి. మా ఆవరణ ఊడ్చే ఆయమ్మ. పక్క గూడెం మనిషే. మేమంతా పెద్దమ్మ అంటాం. కాంట్రాక్టు కింద పనిచేస్తుంది, జీతం ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. ఇంతకుముందు గాజుపెంకు గుచ్చుకుని ఆమె అరచేయి చీరుకుపోయింది. అప్పుడు మేం అయ్యో అన్నాం, క్లాసుకు పోయాం.

లెక్కలు తేలాక తుక్కు దుకాణానికి వెళ్లాం. రీసైక్లింగ్ గురించి పుస్తకాల్లో లేనిది అక్కడ నేర్చుకున్నాం. ఆ సేటు అట్టపెట్టెలు కొంటాడు, తెల్ల కాగితం వేరే ధరకు, న్యూస్ పేపర్ వేరే ధరకు కొంటాడు. నీళ్ల సీసాలు, ఇనుము, అల్యూమినియం కొంటాడు. చిప్స్ ప్యాకెట్టు ఉచితంగా ఇచ్చినా తీసుకోడు. ఎందుకని అడిగితే దాన్ని చించి చూపించాడు. పైన ప్లాస్టిక్, లోపల వెండిలా మెరిసే లోహపు పూత. రెండింటినీ విడదీయడం అయ్యే పని కాదు. కాగితపు టీ కప్పు లోపల కూడా సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది కాగితాల్లో కలవదు, ప్లాస్టిక్‌లోనూ కలవదు.

సీసా అడుగున మూడు బాణాల త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, చూసే ఉంటారు. ఆ గుర్తు ఉన్నంత మాత్రాన ఆ వస్తువును ఎవరో ఒకరు తప్పకుండా కొంటారని కాదు. అది ఏ రకం ప్లాస్టికో చెప్పే అంకె మాత్రమే. 1 ఉంటే పెట్, అంటే నీళ్ల సీసా. 2 గట్టి డబ్బాలు, 4 పలచని కవర్లు, 5 మూతలు, టిఫిన్ డబ్బాలు, 6 థర్మోకోల్ జాతి. మా పక్కన 1, 2, 5 అమ్ముడుపోతాయి. 6 పోదు. సీసాది ఒక రకం, మూతది ఇంకో రకం. అందుకే మూత తీసి వేరుగా పెట్టాలి.

సేటు చెప్పినదాన్ని మేం మూడు మాటల్లో పెట్టుకున్నాం. శుభ్రంగా, పొడిగా, పోగుగా. కూర అంటిన అట్టకు ధర లేదు. తడిసిన కాగితానికి ధర లేదు. అరసంచి సీసాల కోసం అంత దూరం నుంచి బండి రాదు. దాచిపెట్టడానికి చోటుండాలి. మా డ్రమ్ములకు రంగులైతే వేశాం గానీ ఈ మూడింటికీ ఏర్పాటు చేయలేదు.

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాం. మెట్ల కింద ఖాళీ చోటు అడిగి తీసుకున్నాం. డ్రమ్ముల మీద బొమ్మలు, నినాదాలు తీసేసి, ఏ డ్రమ్ములో ఏం వేయాలో ఆ వస్తువునే తీగతో కట్టి వేలాడదీశాం. నీళ్ల సీసా డ్రమ్ముకు నీళ్ల సీసా, ప్యాకెట్ల డ్రమ్ముకు చిప్స్ ప్యాకెట్టు. చదవకుండానే అర్థమవుతుంది. రెండు నెలల్లో అట్టలు, సీసాలు, కాగితాలు బాగానే పోగయ్యాయి. ఆటోలో వేసుకుని సంతోషంగా దుకాణానికి తీసుకెళ్లాం. సేటు తూకం వేశాడు, డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇచ్చి, మామూలుగా ఒక మాట అడిగాడు.

"మీ కాలేజీ నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది గదా. రెండు నెలల సంది కనిపిస్తలేదు. పాణం బాగలేదా?"

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఎవరం మాట్లాడలేదు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాం. ఏళ్ల తరబడి మా ఆవరణలో సీసాలు, అట్టలు, కాగితాలు ఏరి, సంచికెత్తుకుని తీసుకెళ్లి అమ్ముతున్నది ఆమే. మూత తీసి, మడమతో తొక్కి చదును చేసి, తెల్ల కాగితం వేరే కట్ట కట్టి అమ్మేది. మెస్‌కు సరుకు దిగే రోజు అట్టలు ఎక్కువ వస్తాయని ఆమెకు తెలుసు. మేం ఏడు రోజులు కాటా పెట్టి తెలుసుకున్నది ఆమెకు ఎప్పటినుంచో చేతి లెక్క. జీతం రాని నెలల్లో సంతలో ఉప్పు, నూనె, మిరపకాయలు కొనేది ఆ డబ్బుతోనే. మేం ప్రాజెక్టు పేరుతో ఆ డబ్బు ఆమె చేతిలోంచి లాక్కున్నాం. మిగిలిన గబ్బు, పొగ మాత్రం ఆమెకే వదిలేశాం.

మాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా అని అడిగితే ఆమె అన్న మాట ఇది. "సదువుకునే పిల్లలు, ఏదో మంచి పని చేస్తున్రు అనుకున్న. నేనేమంట బిడ్డా?"

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదా? మన గూడేలకు ఎవరో వస్తారు. మన మంచి కోసమే అంటారు. మనల్ని అడగరు. మనం అప్పటికే ఏం చేస్తున్నామో, ఎట్లా బతుకుతున్నామో చూడరు. పని మొదలవుతుంది. మన చేతిలో ఉన్నదేదో పోతుంది. ఎందుకు మాట్లాడలేదంటే, చదువుకున్నోళ్లు ఏదో చేస్తున్నారనుకున్నాం అంటారు మన పెద్దలు. గ్రామసభను అడగకుండా పని చేయొద్దని 1996 పెసా చట్టం పేరుతో ఇట్లాంటి వేదికల మీద మనమే గొంతెత్తి మాట్లాడతాం. మేమూ మాట్లాడాం. అదే మేము, మా ఆవరణలో పక్క గూడెం పెద్దమ్మను ఒక్క మాట అడగలేదు. మా ప్రశ్నల పత్రం విద్యార్థులకు ఇచ్చాం, అధ్యాపకులకు ఇచ్చాం. చెత్తను రోజూ చేత్తో పట్టే మనిషికి ఇవ్వలేదు. ఆమెకు చదవడం రాదు కాబట్టి ఆమె మా లెక్కలోకే రాలేదు.

ఇదీ మా తప్పు. మీటింగులో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మీలో చాలామంది రేపు ప్రాజెక్టులు చేస్తారు, ఉద్యోగాల్లో చేరతారు, సర్పంచులవుతారు. మీకు ఇది ముందే తెలిసి ఉండాలి.

ఆ రోజు మా చేతిలో ఉన్న డబ్బు ఆమెకే ఇచ్చాం. ముందు తీసుకోనంది. ఇది మీదే పెద్దమ్మా, పొరపాటున మా చేతికి వచ్చింది అంటే తీసుకుంది. బృందంలో ఈ విషయం మీద వాదన జరిగింది, దాచడం లేదు. ఆ డబ్బుతో టీషర్టులు కుట్టించుకుందామని ముందే అనుకున్నాం. కష్టపడింది మేమూ గదా అని కొందరికి అనిపించింది. కష్టం మాది నిజమే, మాకు మార్కులు వస్తాయి. ఆమెకు మార్కులు రావు గదా అనుకుని ఆ మాట వదిలేశాం.

తర్వాత ఆమెను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్లాం. ఆవరణలో అమ్ముడుపోయే చెత్తంతా పెద్దమ్మదే అని ఒప్పందం అయింది. పెద్దమ్మ కూడా మాకు షరతులు పెట్టింది. సీసాలో నీళ్లు పారబోసి, మూత తీసి, తొక్కి ఇవ్వాలి. గాజు వేరే డబ్బాలో వేయాలి. బ్లేడ్లు, సూదులు కాగితంలో మందంగా చుట్టి ఇవ్వాలి. తడి చెత్త పని, ప్యాకెట్ల పని మేం చూసుకోవాలి. ఆమెకు గ్లౌజులు, బూట్లు ఇప్పించాం. చెత్త ఏరుకుని బతికేవాళ్లను గుర్తించి వాళ్లను ఈ పనిలో భాగం చేయాలని ఆ 2016 నియమాల్లోనే ఉండేది. మేం ఆ నియమాలను ప్రాజెక్టు రిపోర్టులో ఎత్తి రాశాం గానీ ఆ ముక్క మీద మా కన్ను పడలేదు.

తడి చెత్తకు రెండు గుంతలు తవ్వాం. మొదటిసారి చెడగొట్టాం. వండిన అన్నం ఒక్కటే వేసేసరికి కుళ్లి, పురుగులు పట్టి, అమ్మాయిల హాస్టల్ దాకా వాసన కొట్టింది. మళ్లీ పెద్దమ్మే చెప్పింది. తడి చెత్త ఒక వరస వేస్తే ఎండుటాకులు అంతకంటే మందంగా రెండింతలు వేయాలి. మధ్యలో కొంచెం పేడనీళ్లు, పైన మట్టి. వారానికోసారి కలియబెట్టాలి. ఆకులకు మన దగ్గర కొదవ లేదు, ఇదివరకు వాటిని కూడా కాల్చేవాళ్లం. మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసనతో ఎరువు తయారైంది. మెస్ వెనక బెండ, గోంగూర వేశాం. కంచంలో అన్నం వదలడం కూడా తగ్గింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. రోజూ సాయంత్రం ఈ రోజు ఎన్ని బకెట్ల అన్నం పారేశామో మెస్ బోర్డు మీద సుద్దముక్కతో రాశాం, అంతే.

తేలని విషయాలూ చెబుతాం. చిప్స్ ప్యాకెట్లు, సాషేలు సంచుల్లో మెట్ల కింద పెరిగిపోతూనే ఉన్నాయి. వీటిని సిమెంట్ ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా వాడతారు. కానీ మా సంచులు అక్కడికి చేరే దారి ఇంకా దొరకలేదు. పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు వచ్చాయి గదా, మా సంచులు తీసుకెళ్లమని పంచాయతీకి అర్జీ పెట్టాం, తిరుగుతున్నాం. ఇట్లాంటి ప్యాకింగ్‌ను తిరిగి సేకరించే బాధ్యత దాన్ని తయారుచేసి అమ్మిన కంపెనీలదేనని చట్టం చెబుతోంది. ఐదు రూపాయల ప్యాకెట్టు అడవి చివరి గూడెం దాకా తెచ్చిన కంపెనీకి, ఖాళీ ప్యాకెట్టు వెనక్కి తీసుకెళ్లే దారి మాత్రం తెలియదట. అడగాల్సింది మనమే. అప్పటిదాకా మా చేతిలో ఉన్నది తక్కువ కొనడం. క్యాంటీన్‌లో పల్లీలు, మరమరాలు, బొంగులు డబ్బాలో పెట్టి కొలిచి అమ్మమని అడిగాం. కొంత ఒప్పుకున్నారు. గుంతలో నిప్పు పెట్టడం చాలా తగ్గింది, పూర్తిగా ఆగిపోలేదు.

ఇట్లాంటి సభల్లో మన తాతల కాలంలో చెత్తే లేదని గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. సొరకాయ బుర్రలో జావ, అడ్డాకు విస్తరి, మోదుగాకు దొప్ప, వెదురు గంప, చాట. వాడి పారేస్తే మట్టిలో కలిసేవి. తాతలు కూడా పారేసేవాళ్లే, కానీ పారేసిన వస్తువు మంచిది. మనకు పారేసే అలవాటు అట్లాగే ఉంది, వస్తువు మారిపోయింది. అదే చేయి, అదే విసురు, చేతిలో మాత్రం ప్లాస్టిక్ ప్యాకెట్టు. కాబట్టి తాతల పేరు చెప్పుకుంటే సరిపోదు. ఇప్పుడు బజారులో దొరికే మిషన్ విస్తర్లను కూడా తిప్పి చూడండి. కొన్నింటికి ఆకు కింద ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల వంటి వాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా మన పెళ్లిళ్లలో, పండుగల్లో అవే కనిపిస్తున్నాయి. అడ్డాకు కోసి, ఎండబెట్టి, విస్తర్లు కుట్టే అమ్మలు మన గూడేల్లోనే ఉన్నారు. ఒక్క పెళ్లికి విస్తర్లు వాళ్ల దగ్గర కొంటే డబ్బు గూడెంలోనే ఉంటుంది, చెత్త మట్టిలో కలుస్తుంది.

మీ హాస్టల్‌లో, మీ ఆశ్రమ పాఠశాలలో ఇట్లాంటి పని మొదలుపెట్టాలనుకుంటే మేం చెప్పేది ఇంతే. డబ్బాలు, రంగులు కొనకముందు చీపురు పట్టే మనిషి దగ్గర కూర్చోండి. ఏం దొరుకుతుంది, ఏం అమ్ముడుపోతుంది, ఏది చేతికి గుచ్చుకుంటుంది అని అడగండి. తర్వాత ఒక వారం తూచండి. తుక్కు దుకాణానికి ఒకసారి పోయి రండి. ఆ తర్వాత డబ్బాలు పెట్టండి. డబ్బు వస్తే అది ఎవరికి చెందాలో ముందే కూర్చుని మాట్లాడుకోండి.

మా రిపోర్టు మొదటి ప్రతిలో 'ఈ కళాశాల ఆవరణలో రీసైక్లింగ్ లేదు' అని మొదటి వాక్యం రాశాం. దాన్ని కొట్టేసి, 'ఈ ఆవరణలో రీసైక్లింగ్ మాకంటే ముందు నుంచే జరుగుతోంది' అని మార్చి ఇచ్చాం. మా తర్వాతి బ్యాచ్ ఈ ఏడాది పనిని కొనసాగిస్తోంది. వాళ్ల మొదటి సమావేశం మెట్ల కింద, పెద్దమ్మ సంచుల పక్కనే జరిగింది. మేం కొట్టించిన ఫ్లెక్సీ కూడా వృథా కాలేదు. వానకు తడవకుండా ఆమె కట్టెల మోపు మీద కప్పి ఉంది.

ఇంకాసేపట్లో భోజనాలు. ఈ రోజు సంఘం వాళ్లు అడ్డాకు విస్తర్లు పెట్టారు, వాళ్లకు మా కృతజ్ఞతలు. తిన్నాక విస్తర్లు చింతచెట్టు కింద తవ్విన గుంతలో వేయండి. నీళ్ల సీసాలు మాత్రం అందులో వేయకండి. మూత తీసి, నీళ్లు పారబోసి, తొక్కి, గేటు దగ్గర వేలాడదీసిన సంచిలో వేయండి. సాయంత్రం ఆ సంచి పెద్దమ్మ ఇంటికి పోతుంది.